నేరస్థలమే తొలి సాక్షి

ఒక ఇంట హత్య జరిగినదని తెలిసినంతనే వీధి వీధియంతయు అచ్చటికి పరుగెత్తుట మన దేశమున వాడుక. బంధువులు శవముపై బడి దుఃఖింతురు. ఇరుగుపొరుగువారు గదిగదియు తిరిగి చూతురు. పెద్దమనుష్యు డొకడు నెత్తుటి కత్తిని చేతబట్టి పరీక్షించును. దయగల ఇల్లాలొకతె గడపపైని మరకలను కడిగివేయును. వీరిలో ఎవ్వరికిని దురుద్దేశము లేదు. అయినను వీరి చేతులమీదుగా నశించిన సాక్ష్యమును ఎంతటి సమర్థుడైన అధికారియు, ఎంత గొప్ప ప్రయోగశాలయు మరల తేజాలవు. మనుష్యసాక్షిని నేడు విచారించి రేపు తిరిగి పిలిపింపవచ్చును. నేరస్థల మనెడు సాక్షిని ఉన్నది ఉన్నట్లుగా విచారించు అవకాశము ఒక్కమారే లభించును.

ఈ సంగతిని ఇప్పుడు ప్రస్తావించుటకు కారణము గలదు. 2024 జులై 1వ తేదీన అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత, తన 176వ సెక్షనులో, ఏడేండ్లు లేక అంతకు మించిన శిక్షకు పాత్రమగు నేరములందు ఫోరెన్సిక్ నిపుణుడు నేరస్థలమును దర్శించి సాక్ష్యమును సేకరింపవలెననియు, ఆ కార్యమును వీడియోగా తీయింపవలెననియు విధించినది. ఈ నియమము ఏనాటినుండి వర్తింపవలయునో ప్రకటించుటకు రాష్ట్ర ప్రభుత్వములకు ఐదేండ్ల గడువు ఒసగబడినది. సోదాలను, వస్తువుల స్వాధీనమును దృశ్యశ్రవణ రూపమున నమోదు చేసి జాగుసేయక మేజిస్ట్రేటునకు పంపవలెనని 105వ సెక్షను శాసించుచున్నది. ఇవి మెచ్చదగిన నియమములే. కాని నిపుణుడు పట్టణమునుండి బయలుదేరి వచ్చులోపల గడచు గంటలలో ఆ స్థలమును కాపాడువాడెవ్వడు? మా ప్రశ్న అదియే.

ఈ ఆలోచన చెన్నపురికి క్రొత్తది కాదు. ఆస్ట్రియా దేశమున గ్రాజ్ నగరపు న్యాయాధికారియైన హాన్స్ గ్రాస్, 1893లో దర్యాప్తు అధికారులకై ఒక గొప్ప గ్రంథమును ప్రచురించెను. నేరస్థలమును ఎట్లు చూడవలయును, ఎట్లు వ్రాసికొనవలయును, అధికారి తనవెంట ఏయే పరికరములు తీసికొనిపోవలయును అను విషయములను ఆయన అందు సవిస్తరముగా బోధించెను. ఆ గ్రంథమును భారతదేశపు పద్ధతులకు అనువుగా ఆంగ్లమున సంతరించినవారు మద్రాసు పబ్లిక్ ప్రాసిక్యూటరులైన జాన్ ఆడం, జె. కాలియర్ ఆడం అనువారు. అది 1906లో ఈ నగరముననే అచ్చుపడినది.

అంతకు పూర్వమే బెంగాలు దేశమున ఒక పంచాంగము ఈ సత్యమును నిరూపించినది. 1897లో జల్పాయిగురి ప్రాంతమందు ఒక తేయాకు తోట మేనేజరు గొంతు కోయబడి చంపబడెను. పెట్టె దోచుకొనబడెను. అందలి కాగితములనడుమ నున్న పంచాంగముపై మాసిన గుర్తులు కానవచ్చెను. ఆ ఏడే కలకత్తాలో నెలకొల్పబడిన వేలిముద్రల కార్యాలయమున పోల్చిచూడగా, అందొకటి పూర్వము అతని కొలువులో నుండి దొంగతనమునకు శిక్షపడిన సేవకుని బొటనవ్రేలి ముద్రయని తేలెను. 1898లో న్యాయస్థానము ఆతనిని దొంగతనమునకు శిక్షించెనేకాని, హత్యానేరమును మోపుటకు ఆ ముద్ర చాలదనెను. వస్తువు తానెరిగినంతవరకే చెప్పును, అంతకు మించి చెప్పదు. అందుచేతనే అది నేరస్థుని పట్టియిచ్చుటయే కాక, నిర్దోషిని కాపాడునదియు నగుచున్నది.

చేయవలసిన పని యేమి? గాయపడినవానికి ప్రాణమున్నచో చికిత్సయే ప్రథమ ధర్మము. పిమ్మట కనబడిన నెత్తుటి మరక వరకే గాక, నేరస్థుడు వచ్చిన త్రోవయు పోయిన త్రోవయు లోపలికి వచ్చునట్లు విశాలముగా త్రాడు కట్టవలెను. రాకపోకలకు ఒక్క దారినే ఏర్పరుపవలెను. లోనికి పోయిన ప్రతివాని పేరును, వేళను ఒక పుస్తకమున వ్రాయవలెను. పై అధికారియైనను దీనికి మినహాయింపు కారాదు. ఏ వస్తువును కదల్పకమునుపే దూరమునుండి ఒకటి, నడిమి దూరమునుండి ఒకటి, కొలబద్దను ప్రక్కనుంచి దగ్గరనుండి ఒకటిగా ఛాయాచిత్రములు తీయవలెను. చిత్రము దూరములను సరిగా తెలుపజాలదు గనుక, కదలని రెండు గుర్తులనుండి ప్రతి వస్తువునకుగల దూరమును కొలిచి పటము గీయవలెను. ఆ తరువాతనే సేకరణము. నెత్తురు తడిసిన వస్త్రమును నీడను ఆరనిచ్చి, దేనికది వేరుగా కాగితపు సంచిలో నుంచవలెను. ప్లాస్టిక్ సంచిలో తడి నిలిచి బూజుపట్టి సాక్ష్యము చెడును. ఉరిత్రాటిని ముడివద్ద గాక వేరొకచోట కోయవలెను. ముడి కట్టిన తీరుకూడ ఒక సాక్ష్యమే.

ఈ క్రమము తప్పినచో ఏమగునో 2008 మే నెలలో నోయిడా నగరమున జరిగిన జంటహత్యలు లోకమునకు తెలిపినవి. మే 16వ తేదీ ఉదయమున ఒక బాలిక తన పడకగదిలో చంపబడియుండగా, బంధువులు, ఇరుగుపొరుగువారు, పత్రికలవారు ఆ ఇంట గుమికూడిరి. కానరాని సేవకునిపై అనుమానము పోయినది. మేడపైని తలుపు తాళము ఆనాడు తీయబడలేదు. మరునాడు ఆ సేవకుని శవమే అచ్చట దొరికెను! మృతుడైన ఆ సేవకుని డి.ఎన్.ఏ. వేరొక అనుమానితుని నివాసమునుండి తెచ్చిన దిండు గలేబుపై నున్నట్లు హైదరాబాదులోని డి.ఎన్.ఏ. పరీక్షాకేంద్రపు 2008 నివేదికలో నుండగా, రెండు వస్తువుల సంఖ్యలు టైపులో తారుమారైనవని 2011లో ఆ కేంద్రమే వివరణ మిచ్చెను. 2013లో శిక్షపడిన తలిదండ్రులను 2017 అక్టోబరు 12వ తేదీన అలహాబాదు హైకోర్టు నిర్దోషులుగా విడుదల చేసెను. ఆ రాత్రి ఏమి జరిగినదో న్యాయస్థానమున నేటికిని రుజువు కాలేదు. తాళము తీయని ఒక తలుపు, సంఖ్య మారిన ఒక చీటీ ఎంతటి అనర్థమునకు దారితీయునో చూడుడు.

వీడియో తీసినంతమాత్రమున ఈ లోపము తీరునని భ్రమపడరాదు. భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ప్రకారము ఎలక్ట్రానిక్ సాక్ష్యమునకు ధ్రువపత్రము జతపరుపవలెను. దస్త్రమున రవంత మార్పు జరిగినను పట్టియిచ్చెడు హ్యాష్ సంఖ్యను అందు చూపవలెను. అదిలేక ప్రతిపక్షపు న్యాయవాది వేయు మొదటి ప్రశ్నకే ఆ వీడియో తలవంచును. పైగా, చెదరిపోయిన స్థలమును ఎంత చక్కగా చిత్రించినను చెదరిన స్థలముయొక్క చిత్రమే లభించును.

కావున మా అభిప్రాయములో సంస్కరణము ప్రయోగశాలయందు గాక, మొట్టమొదట చేరు కానిస్టేబులునందు ప్రారంభము కావలెను. ప్రతి ఠాణాకును త్రాడు, చేతొడుగులు, కాగితపు సంచులు, కొలబద్ద, నమోదు పుస్తకము గల ఒక పెట్టె నిచ్చి, దాని వాడుకను ఏటేట నేర్పవలెను. దీనికగు వ్యయ మత్యల్పము. ప్రభుత్వములు ఐదేండ్ల గడువును విశ్రాంతికాలముగా గాక, ఈ శిక్షణకు వినియోగింపవలెను.

మన పాఠకులకును ఇందు పాత్ర గలదు. వైద్యులు క్షతగాత్రుని దుస్తులను కత్తిరించునపుడు కత్తిపోటు చినుగును, తుపాకిగుండు రంధ్రమును తప్పించి కత్తిరించి, వానిని భద్రపరచి అప్పగింపవలెను. విలేఖరులు త్రాటికి ఈవలనే నిలువవలెను. న్యాయవాదులు ఆ నమోదు పుస్తకమును ప్రతి కేసునందును చూపుడని అడుగవలెను, అడుగువాడున్నగాని వ్రాయువాడుండడు. హతునికి న్యాయమును, అనుమానితునికి రక్షణమును ఒక్క త్రాడే ఒసగగలదు. దానిని దాటకుండుట పౌరుల వంతు.