కొలతకు లొంగని జీపు

బొమ్మకు పోలిక చాలును. నమూనాకు కొలత కావలెను. రెండవ ప్రపంచయుద్ధమునాడు, బాట లేని చోట సైతము నడుచుటకై పుట్టిన విల్లీస్ జీపునకు ఇరుసుల నడుమ దూరము 80 అంగుళములు. పదహారవ వంతున చేయు నమూనాలో అది 5 అంగుళములు. దీపములు, మరమేకుల తలలు కూడ ఆ వంతుననే తగ్గవలెను. జనగామ చేరువనున్న పెంబర్తిలో ఇత్తడిరేకును సుత్తితో మలచు శిల్పుల పని చూచిన విద్యార్థికి బానెట్టు వంపు అంత కష్టముగా తోచదు.

చిక్కంతయు బరువులో నున్నది. అన్నియు అవే లోహములతో చేసినను, కొలత పదహారవ వంతైనప్పుడు బరువు 4,096వ వంతగును! కమాను పట్టీలను కొలత తప్పక చేసినచో, అంత తేలిక బండి క్రింద అవి వంగనే వంగవు. పట్టీని కొలతకన్న పలుచన చేయవలసినదే. కొలతనే నమ్ముకొన్నవారు దీనిని దోషమందురు గాని, నడిచెడి బండి కావలెనన్న ఇది తప్పదు. రాళ్లు మాత్రము ఎవరి కొరకును చిన్నవి కావు. మహబూబాబాద్ వైపు అడవిబాటలో అసలు జీపు లెక్కచేయని గులకరాయి, చక్రము రెండంగుళములైనను లేని ఈ జీపునకు గట్టు.

భూపాలపల్లిలో సింగరేణి ఉపరితల గనుల డంపరును చేయబూనిన బడిపిల్లలకు వేరొక పని కలదు: తొట్టిని పైకెత్తుట. అసలు బండిలో నూనె ఒత్తిడి ఆ పని చేయును. బడిలో సూది తీసిన పిచికారీలు రెండు, నడుమ సన్నని గొట్టము, నీరు చాలును. సన్నని పిచికారీని నొక్కినచో లావుపాటిది మెల్లగా తొట్టిని లేపును. గొట్టములో గాలిబుడగ మిగిలినచో మాత్రము సరిగా లేవదు.