రెండు గ్రాఫిక్స్ కార్డులు: ఏది కొనదగినది?

ఇంట కంప్యూటరు గలిగి దానిపై ఆటలాడగోరు విద్యార్థులు మనలో పలువురు గలరు. వారు గ్రాఫిక్స్ కార్డు కొనిపెట్టుడని తలిదండ్రుల నడుగుటయు, తలిదండ్రులు ఏది మంచిదో యెరుగక అంగడివాని మాటనే నమ్ముటయు తరచుగ జరుగుచున్నది. ఇది స్వల్ప వ్యయము కాదు. కావున ఈ విషయమును కొంత వివరింతును.

మానిటరుపై గనబడు చిత్రము పిక్సెళ్లను చిన్న చుక్కల కూర్పు. సాధారణ మానిటరున అడ్డముగ 1920, నిలువుగ 1080, వెరసి 20,73,600 పిక్సెళ్లుండును. ఆట తడబడక సాగవలెనన్న సెకనుకు 60 చిత్రములైనను సిద్ధము కావలెను. అనగా ప్రతి సెకనునందును 12 కోట్లకు మించిన పిక్సెళ్లకు రంగు నిర్ణయింపవలెను. ఒక్కొక్క లెక్క చిన్నదే; లెక్కల సంఖ్య మాత్రము మిక్కిలి పెద్దది. అందుచే వేలకొలది చిన్న గణకములు ఏకకాలమున పనిచేయునట్లు ఈ కార్డును నిర్మింతురు. ఈ గణకములనే కోరులందురు.

మధ్యరకపు వెల గల కార్డులలో 2025వ సంవత్సరమున రెండు పోటీగా వెలువడినవి. ఎన్విడియా వారి జీఫోర్స్ ఆర్.టి.ఎక్స్. 5060 టి.ఐ. ఏప్రిల్ నెలయందును, ఏ.ఎం.డి. వారి రేడియన్ ఆర్.ఎక్స్. 9060 ఎక్స్.టి. జూన్ నెలయందును వచ్చినవి. వీనిని పోల్చునపుడు మూడు సంగతులు గమనింపవలెను.

మొదటిది కోరుల సంఖ్య. ఎన్విడియా కార్డున 4608, ఏ.ఎం.డి. కార్డున 2048 కోరులు గలవు. ఇది చూచి మొదటిది రెండింతలకు మించిన బలము గలదని తలంపరాదు. ఒక్కొక్క కంపెనీ కోరును ఒక్కొక్క రీతిగ నిర్మించి, తన రీతిగ లెక్కించును. ఆటలయందు పరీక్షించిన పిమ్మట ఎన్విడియా కార్డు కొంచెము ముందుండెనే గాని, ఆ భేదము సంఖ్యలలో దోచునంతటిది కాదు. వెలుగు నీడలను యథార్థముగ లెక్కించు ‘రే ట్రేసింగు’ నందు దాని ఆధిక్యము కొంత హెచ్చు.

రెండవది మెమరీ. మోసపోవుటకు ఎక్కువ అవకాశ మిచ్చట నున్నది. రెండు కంపెనీలును ఒకే పేరుతో 8 గిగాబైట్ల కార్డొకటి, 16 గిగాబైట్ల కార్డొకటి అమ్మినవి. విడుదలనాడు ప్రకటించిన వెలలు ఎన్విడియాకు 379, 429 డాలర్లు, ఏ.ఎం.డి.కి 299, 349 డాలర్లు. రెంటియందును తేడా 50 డాలర్లే. చదువుకొను బల్ల చాలినంత పెద్దదైనచో కావలసిన పుస్తకములన్నియు చేతి కందుబాటులో నుండును. చిన్నదైనచో మాటిమాటికి లేచి బీరువాకు పోవలెను. కార్డు మెమరీయు అట్టి బల్లయే. నూతనమైన పెద్ద ఆటలను మేలైన చిత్రములతో నాడునపుడు 8 గిగాబైట్లు చాలక కార్డు కంప్యూటరు మెమరీని ఆశ్రయించును. అంతట ఆట ఆగి ఆగి నడచును. పేరు మాత్రము చూచి వెల తక్కువ యని కొన్నవారు, కొలదికాలమునకే మరియొక కార్డు కొనవలసి వచ్చును. కావున పెట్టెపై 16 అను అంకెను స్వయముగ చదివిన గాని సొమ్ము చెల్లింపరాదు.

మూడవది మన ఇంటనున్న కంప్యూటరు. ఎన్విడియా కార్డు 180 వాట్లును, ఏ.ఎం.డి. 16 గిగాబైట్ల కార్డు 160 వాట్లును విద్యుత్తు కోరును. పాత పవర్ సప్లై దానిని భరించునో లేదో ముందుగనే తెలిసికొనవలెను. మరియు మదర్‌బోర్డుతో సమాచారము నడచుటకు ఎన్విడియా కార్డునకు 8 దారులును, ఏ.ఎం.డి. కార్డునకు 16 దారులును గలవు. క్రొత్త మదర్‌బోర్డున ఈ భేదము లెక్కింపదగినది కాదు. పాతబోర్డున దారి యొక్కొక్కటియు నెమ్మది గనుక, దారులు తక్కువైన కార్డు, అందును 8 గిగాబైట్లది, ఎక్కువ నష్టపడును.

అట్లయిన ఏది కొనవలెను? ఆటలే ప్రయోజనమైన యెడల ఏ.ఎం.డి. 16 గిగాబైట్ల కార్డు చాలును. ప్రకటిత వెలలో మిగులు 80 డాలర్లు మంచి పవర్ సప్లైకి ఉపయోగపడును. విద్యార్థి బ్లెండరు మొదలగు వానియందు చిత్రకల్పన నేర్వదలచినను, ఎన్విడియా వారి కూడా పద్ధతిపై నాధారపడిన శాస్త్రగణనములు చేయదలచినను, హెచ్చు వెల యిచ్చి ఆ కంపెనీ 16 గిగాబైట్ల కార్డు కొనుట యుక్తము; అది ఆటతోపాటు విద్యకును తోడగును.

ఈ డాలరు వెలలలో పన్ను చేరలేదు. అంగడి వెలలు మారుచుండును గనుక, సికింద్రాబాదు పార్కులేనులో గాని మరెచ్చట గాని రెండు మూడు దుకాణముల విచారించి, రెండు కార్డుల వెలల నడుమ తేడాను ఆనాటి లెక్కతో చూచుకొనవలెను. తలిదండ్రులారా, మీ పిల్లవాడు కార్డు కోరినపుడు, ‘మన మానిటరెట్టిది? మన పవర్ సప్లై యెన్ని వాట్లది? మెమరీ యెంత?’ అని యడుగుడు. ఈ మూటికి ఉత్తరము తెచ్చిన పిల్లవాడు తానేమి కోరుచున్నాడో యెరిగినవాడు. తేలేనివానిని మరియొక వారము విచారించి రమ్మనుడు. ఆ వారమువలన నష్టమేమియు లేదు.