కొంగు లేని నైటీ

పోయిన సంక్రాంతికి తెనాలి వెళ్ళేసరికి మా అమ్మమ్మ నైటీలో ఉంది. నా పందొమ్మిదేళ్ళలో ఆమెని చీర లేకుండా చూడటం అదే మొదటిసారి. కుర్చీలో కూర్చుని ఎడమ భుజం మీద, నడుము దగ్గర ఏదో వెతుక్కుంటోంది. ఏం కావాలి అమ్మమ్మా అంటే, "డబ్బులురా, ఎవరో తీసేశారు" అంది. అమ్మ మామూలుగానే, "రోజూ ఇదే గొడవ, పట్టించుకోకు" అంది.

అమ్మమ్మకి డిమెన్షియా వచ్చి మూడేళ్ళు. మనవాళ్ళు మతిమరుపు అనేస్తారు కానీ ఆ మాట సరిపోదు. కళ్ళజోడు ఎక్కడ పెట్టామో గుర్తులేకపోతే మతిమరుపు. అది చేతిలో ఉండి కూడా ఏం చేయాలో తెలియకపోతే డిమెన్షియా. మన దేశంలో అరవై దాటినవాళ్ళలో సుమారు 88 లక్షల మందికి ఇది ఉందని 2023లో వచ్చిన అంచనా.

బట్టలు వేసుకోవడం మనకి ఒకే పనిలా అనిపిస్తుంది. చీరనే తీసుకోండి. లంగా బొందు ముడి, జాకెట్ హుక్కులు, ఒక చుట్టు, కుచ్చిళ్ళు, దోపుకోవడం, పైట. ఒక స్టెప్ తప్పితే తర్వాతది రన్ అవ్వదు (సీఎస్ఈ వాడిని, క్షమించండి). చేతుల్లో బలం ఉన్నా ఆ వరస దొరకదు. దీన్ని డ్రెస్సింగ్ అప్రాక్సియా అంటారు. అందుకే కొందరు జాకెట్ మీద ఇంకో జాకెట్ వేసుకుంటారు. విప్పబోతే తిడతారు, కొడతారు కూడా. ఎదురుగా ఉన్నది కూతురని గుర్తులేనప్పుడు, ఎవరో తెలియని మనిషి బట్టలు లాగుతున్నట్టే కదా వాళ్ళకి! మనమేమో మొండితనం అంటాం.

హాస్టల్‌కి వచ్చాక దీని గురించి చదివాను. ఇంగ్లండ్‌లో జూలియా ట్విగ్, క్రిస్టీనా బ్యూస్ అనే ఇద్దరు డిమెన్షియా ఉన్నవాళ్ళ బట్టల మీదే పరిశోధన చేశారు. ఆడవాళ్ళ హ్యాండ్‌బ్యాగుల మీద వాళ్ళదో పేపర్ ఉంది. కేర్‌హోంలో ఉండే మనిషికి బ్యాగ్ అంటే ఉత్త సంచి కాదు, పూర్తిగా తనదైన చిన్న చోటు. అది పక్కన ఉంటే ధైర్యం.

అక్కడ ఆగిపోయాను. మా అమ్మమ్మకి ఎప్పుడూ హ్యాండ్‌బ్యాగ్ లేదు. కొంగు ఉండేది. పాలవాడి డబ్బులు, బీరువా తాళం, నాకిచ్చే పది రూపాయలు, అన్నీ కొంగున ముడేసుకునేది. నైటీకి కొంగు లేదు. ఆమె రోజూ వెతుకుతున్నది దాన్నే.

ఫోన్‌లో అమ్మకి చెప్తే, "నువ్వు హాస్టల్లో ఉంటావు, నీకేం తెలుసురా. బాత్రూమ్‌కి ఎవరు తీసుకెళ్తున్నారు? కుచ్చిళ్ళు తట్టుకుని పడితే?" అంది. అదీ నిజమే. రాత్రుళ్ళు లేచి పక్క మార్చేది అమ్మ, నేను కాదు. నైటీ వచ్చింది బద్ధకం వల్ల కాదు.

చివరికి మధ్యేమార్గం కుదిరింది. రాత్రికి నైటీ. పగలు మెత్తటి పాత నేత చీర, ముందే కుచ్చిళ్ళు కుట్టించి, నడుముకి వెల్క్రో పెట్టించి, చీలమండ పైకి ఉండేలా. ఏ చీర కావాలని బీరువా తెరిచి చూపిస్తే కంగారుపడుతుంది కాబట్టి రెండే చూపిస్తాం. జాకెట్, లంగా, చీర వేసుకునే వరసలో ఒక్కొక్కటే చేతికిస్తాం. తొందరపెట్టం. అమ్మకి పని తగ్గలేదు, పావుగంట పెరిగింది కూడా. కానీ పొద్దున తిట్లు బాగా తగ్గాయంటుంది.

అల్జీమర్స్ సాధారణంగా ముందు దెబ్బతీసేది కొత్త జ్ఞాపకాలు దాచుకునే హిప్పోక్యాంపస్‌ని. చేతికి అలవాటైన పనులు మెదడులో వేరే భాగాల మీద ఆధారపడతాయి, కాబట్టి కొన్ని చాలాకాలం మిగులుతాయి. వరస మొత్తం రాకపోయినా, ముక్క అందిస్తే చెయ్యి దానంతటదే కదులుతుంది.

ఉగాదికి వెళ్ళినప్పుడు అది చూశాను. పైట సర్దాక అమ్మమ్మ చేతిలో పది రూపాయల నోటు పెట్టాను. నాలుగు మడతలు పెట్టింది, కొంగు చివర తీసుకుంది, ఒక్క చేత్తో మెలితిప్పి ముడేసింది. నడుము దగ్గర దోపుకుని రెండుసార్లు తట్టి చూసుకుంది. తర్వాత నా వైపు తిరిగి, "ఎవరబ్బాయివి నాన్నా?" అని అడిగింది.