మిడి స్వరం నుండి డప్పు దెబ్బ వరకు: డిజిటల్ అవుట్‌పుట్ బోర్డు - అమరిక, పరిమితులు

వ్యాస సంగ్రహం:
మిడి స్వరసందేశాలను విద్యుత్ స్విచ్చులుగా మార్చే బోర్డు సాయంతో, లిపిబద్ధం చేసిన దరువును నిజమైన వాద్యంపై మోగించి పరీక్షించవచ్చు. ఆ బోర్డు అమరికను ఈ వ్యాసం దశలవారీగా వివరిస్తుంది. ఈ మార్పిడిలో తాళానికి సంబంధించిన ఏ సమాచారం నిలుస్తుంది, ఏది జారిపోతుంది, జారిపోయినదానిలో ఎంత తిరిగి రాబట్టవచ్చు అనే అంశాలను పరిశీలిస్తుంది.

కీలక పదాలు: మిడి, డిజిటల్ అవుట్‌పుట్, సోలినాయిడ్, డప్పు, గతి, తాళం.

1. ఉపోద్ఘాతం:
హైదరాబాదు తూర్పు భాగంలోని ఉప్పల్, నాచారం ప్రాంతాలు పరిశ్రమలకు పేరుపొందినవి. 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉప్పల్ రోడ్డు మీద ఉంది. నాచారం నుండి మల్లాపూర్, మౌలాలి మీదుగా సాగితే, 1967లో స్థాపించిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ వస్తుంది. ఎన్.టి. రామారావు నెలకొల్పిన రామకృష్ణ స్టూడియో నాచారంలోనిదే. ఆషాఢమాసం వస్తే ఇవే వీధులలో బోనాల డప్పు మోగుతుంది. యంత్రవిద్య, వాద్యవిద్య ఇంత దగ్గరగా ఉన్న చోట, ఈ రెండింటినీ కలిపే చిన్న పరికరాన్ని గురించి ఆలోచించడం సముచితం.

యంత్రంతో వాద్యాన్ని మోగించడం మనకు కొత్త కాదు. అనేక దేవాలయాలలో హారతి వేళ మోటారుతో నడిచే నగారా, గంటల యంత్రం మోగుతుంది. అందులో ఒకే మోటారు ఇరుసు అన్ని సుత్తులనూ కదిలిస్తుంది. ఇరుసు వేగం మారితే లయ వేగం మారుతుంది కాని, దెబ్బల మధ్య నిష్పత్తి మారదు. దరువును మార్చాలంటే యంత్రాన్నే విప్పి మార్చాలి. మిడి బోర్డులో ఆ నిష్పత్తి ఇనుములో కాక సమాచారంలో ఉంటుంది. పరిశోధకునికి దీని ప్రయోజనం ఇక్కడే మొదలవుతుంది.

2. మిడి సందేశ స్వరూపం:
వేర్వేరు సంస్థల వాద్యపరికరాలు ఒకదానితో ఒకటి సంభాషించుకోవడానికి డేవ్ స్మిత్, ఇకుతారో కాకెహాషి ప్రభృతుల కృషితో 1983లో మిడి ప్రమాణం వెలువడింది. మిడి తీగలో ధ్వని ప్రవహించదు. ఏ స్వరం, ఎప్పుడు, ఎంత బలంతో అనే ఆదేశం మాత్రమే ప్రవహిస్తుంది.

ఒక స్వరాన్ని మొదలుపెట్టే సందేశంలో మూడు బైట్లు ఉంటాయి. మొదటిది ఆదేశాన్ని, 16 ఛానళ్లలో ఒకదానిని తెలుపుతుంది. దాని విలువ 144 నుండి 159 వరకు ఉంటుంది. రెండవది 0 నుండి 127 వరకు స్వరసంఖ్య. మూడవది మీటిన వేగం. అదే దెబ్బ బలానికి సూచిక. స్వరాన్ని ముగించే సందేశం 128 నుండి 143 వరకు ఉన్న విలువతో మొదలవుతుంది. వేగం సున్నాగా వచ్చిన ఆరంభ సందేశాన్ని కూడా ముగింపుగానే గ్రహించాలి. ఈ నియమాన్ని ప్రోగ్రాములో చేర్చకపోతే, ఒకసారి తెరుచుకున్న అవుట్‌పుట్ మూసుకోకుండా ఉండిపోవచ్చు.

మిడి వేగం సెకనుకు 31,250 బిట్లు. ఒక్కో బైటుకు ఆరంభ, ముగింపు బిట్లతో కలిపి 10 బిట్లు కావాలి. కనుక ఒక బైటుకు 0.32 మిల్లీసెకన్లు, మూడు బైట్ల సందేశానికి 0.96 మిల్లీసెకన్లు పడుతుంది. ఏకకాలంలో పడవలసిన రెండు దెబ్బలు నిజానికి ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. ఈ వ్యత్యాసం మిల్లీసెకనుకు లోపే కాబట్టి, వినేవారికి అవి ఒకే దెబ్బగా వినిపిస్తాయి.

3. బోర్డు అమరిక:
3.1. ప్రవేశ భాగం: అయిదు పిన్నుల మిడి సాకెట్టులో 4, 5 పిన్నుల మధ్య ప్రవహించే సుమారు 5 మిల్లీయాంపియర్ల కరెంటే సంకేతం. దానిని 220 ఓమ్‌ల రెసిస్టరు ద్వారా 6ఎన్138 వంటి ఆప్టో ఐసొలేటరుకు అందించాలి. అందులో సమాచారం కాంతి రూపంలో దాటుతుంది. రెండు పరికరాల మధ్య విద్యుత్ సంబంధం ఉండదు. తీగలు తారుమారైనా లోపలి ఎల్‌ఈడీ చెడిపోకుండా, దానికి ఎదురు దిశలో 1ఎన్4148 డయోడును కలపాలి. గ్రహించే వైపు 2వ పిన్నును బోర్డు గ్రౌండుకు కలపరాదు. కలిపితే ఐసొలేషన్ ప్రయోజనం పోయి, స్టూడియోలో హమ్ చప్పుడుకు దారి ఏర్పడుతుంది.

3.2. నియంత్రణ భాగం: ఆర్డుయినో యూనోలోని ఏటీమెగా328 చిప్పు ఈ పనికి సరిపోతుంది. దాని 16 మెగాహెర్ట్జ్ గడియారాన్ని భాగిస్తే 31,250 కచ్చితంగా వస్తుంది. వేగంలో దోషం ఉండదు. యూనోలో సీరియల్ ప్రవేశ పిన్ను, యూఎస్‌బీ భాగం ఒకే మార్గాన్ని వాడుకుంటాయి. కనుక ప్రోగ్రామును ఎక్కించేటప్పుడు మిడి తీగను విడదీయాలి.

3.3. విస్తరణ భాగం: 74హెచ్‌సీ595 షిఫ్ట్ రిజిస్టరు ఒక్కొక్కటి 8 అవుట్‌పుట్లను ఇస్తుంది, నాలుగింటిని వరుసగా కలిపితే 32 వస్తాయి. కరెంటు ఇచ్చిన క్షణాన ఈ చిప్పు అవుట్‌పుట్లు ఏ స్థితిలో ఉంటాయో చెప్పలేము. అందువల్ల దాని అవుట్‌పుట్ అనుమతి పిన్నును రెసిస్టరు ద్వారా 5 వోల్టులకు కట్టి ఉంచాలి. ప్రోగ్రాము అన్ని విలువలనూ సున్నా చేసిన తరువాతే ఆ పిన్నును కిందికి దించాలి. లేకపోతే స్విచ్ వేయగానే సుత్తులన్నీ ఒక్కసారిగా పడే ప్రమాదం ఉంది.

3.4. శక్తి భాగం: సోలినాయిడ్ అనగా కరెంటు పారినప్పుడు ఇనుప కడ్డీని లాగే తీగచుట్ట. 12 వోల్టుల సరఫరాపై 40 ఓమ్‌ల చుట్టకు 0.3 యాంపియర్లు కావాలి. దానిని నేరుగా షిఫ్ట్ రిజిస్టరు మోయలేదు. మధ్యలో యూఎల్ఎన్2803 వంటి డ్రైవర్ చిప్పు ఉండాలి. ఇంకా పెద్ద చుట్టలకు ఒక్కోదానికి ఒక మాస్‌ఫెట్ అవసరం. కరెంటు ఆగిన క్షణాన చుట్టలో పుట్టే అధిక వోల్టేజి ట్రాన్సిస్టరును పాడుచేస్తుంది. యూఎల్ఎన్2803లో దీనికి రక్షణ డయోడులు లోపలే ఉన్నా, ఉమ్మడి పిన్నును 12 వోల్టులకు కలిపితేనే అవి పనిచేస్తాయి. మాస్‌ఫెట్ వాడితే ప్రతి చుట్టకూ విడిగా డయోడును పెట్టాలి.

3.5. పరీక్షా క్రమం: మొదట ఎల్‌ఈడీలతో మాత్రమే పరీక్షించాలి. స్వరపట్టికలోని ప్రతి సంఖ్యకూ సరైన దీపం వెలిగి ఆరుతున్నదని నిర్ధారించుకున్న తరువాత, ఒకే ఒక చుట్టను కలపాలి. ముగింపు సందేశం అందకపోయినా నిర్ణీత వ్యవధి దాటగానే అవుట్‌పుట్ మూసుకునేలా ప్రోగ్రాములో కాలపరిమితి విధించాలి. ఎక్కువసేపు కరెంటు పారిన చుట్ట వేడెక్కి కాలిపోతుంది. గృహ విద్యుత్ సరఫరాను ఈ బోర్డుకు నేరుగా కలపరాదు.

4. జారిపోయే సమాచారం:
డిజిటల్ అవుట్‌పుట్‌కు ఉన్నవి రెండే స్థితులు. మిడి 1 నుండి 127 వరకు చెప్పిన దెబ్బ బలం ఇక్కడ "ఉంది", "లేదు" అనే స్థాయికి కుదించుకుపోతుంది. దీపానికి, గంటకు ఇది చాలు; డప్పుకు చాలదు. వాదకుని చేతిలోని సిర్ర, సిటికెన పుల్ల ఒకే బలంతో పడవు. ఆ భేదమే దరువుకు ఊపిరి.

దీనిని కొంతవరకు కాలం ద్వారా రాబట్టవచ్చు. బలహీనమైన దెబ్బకు చుట్టలో కొన్ని మిల్లీసెకన్లు, బలమైన దానికి అంతకన్నా ఎక్కువసేపు కరెంటును పారనిస్తే సుత్తి వేగం మారుతుంది. అయితే ఈ సంబంధం సరళరేఖలో ఉండదు. ప్రతి సుత్తికీ విడిగా కొలిచి పట్టికను తయారుచేసుకోవాలి. డప్పు అంచున, నడుమ పడే దెబ్బల నాదం వేరు కనుక, ఒక్కో స్థానానికి ఒక సుత్తిని, ఒక స్వరసంఖ్యను కేటాయించాలి. తోలును నిప్పుసెగకు కాచి బిగువు తేవడం వంటివి మాత్రం ఈ సందేశంలో ఇమిడేవి కావు.

5. గతి - కాలవిభజన:
మిడి ఫైలు ఒక్కో అక్షరకాలాన్ని కొన్ని టిక్కులుగా విభజిస్తుంది. తరచుగా వాడే 480 అనే సంఖ్య తిశ్ర (3), చతురశ్ర (4), ఖండ (5) గతులకు నిశ్శేషంగా భాగింపబడుతుంది. మిశ్రగతికి (7) అది కుదరదు. ప్రతి భాగానికీ 68 టిక్కులు ఇస్తే 476 మాత్రమే వస్తాయి. అక్షరానికి 4 టిక్కుల లోటు. నిమిషానికి 60 అక్షరాల వేగంలో అది సుమారు 8.3 మిల్లీసెకన్లు, ఎనిమిది అక్షరాల ఆదితాళావర్తనం ముగిసేసరికి దాదాపు 67 మిల్లీసెకన్లు. తాళం ముందుకు జారిన విషయం అప్పుడు చెవికే తెలుస్తుంది. దానిని వాదకుని లయదోషంగానో, లిపికారుని పొరపాటుగానో భావించే అవకాశముంది.

దీనికి పరిష్కారం సులభం. 3, 4, 5, 7, 9 అన్నిటితో నిశ్శేషంగా భాగింపబడే 2520ని విభజన సంఖ్యగా ఎంచుకుంటే అయిదు గతులూ కచ్చితంగా ఇముడుతాయి. మిడి ఫైలు ప్రమాణం ఈ సంఖ్యను అనుమతిస్తుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఫైలును తెరిచినప్పుడు తమ సొంత విభజనకు మార్చుకుంటాయి కనుక, భద్రపరచిన తరువాత మరొకసారి సరిచూడాలి.

6. ముగింపు:
పై పరిశీలనను బట్టి, మిడి బోర్డు దరువు యొక్క కాలాన్ని నమ్మకంగా మోస్తుంది. బలాన్ని కొలతల సాయంతో కొంతవరకు మోస్తుంది. వాద్య నాదాన్ని మాత్రం ఆ వాద్యానికే వదిలిపెడుతుంది. కనుక ఇది వాదకునికి ప్రత్యామ్నాయం కాజాలదు. లిపిలో రాసుకున్న దరువును తోలుపై మోగించి, ఆ దరువు తెలిసిన కళాకారునికే వినిపించి, "ఇది మీరు వాయించినదేనా?" అని అడగడానికి ఇది తగిన సాధనం. ఇలాంటి ప్రయోగ ఫలితాలను ప్రకటించే పరిశోధకులు విభజన సంఖ్యను, స్వరపట్టికను, ప్రతి సుత్తికి వాడిన కరెంటు వ్యవధులను కూడా వెల్లడించాలి. అప్పుడే మరొకరు అదే దరువును మళ్లీ మోగించి, నిర్ధారించగలరు లేదా సరిదిద్దగలరు.