17 గంటల ప్రయాణం

కొన్నేళ్ల క్రితం ఒక చలికాలంలో మదనపల్లె దగ్గర ఒక పల్లెకు భూస్థాపన కార్యక్రమానికి వెళ్లాము. మరణించిన పెద్దాయన కుమారుడు అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు. "చిన్నాయనా, శనివారం రాత్రి ఎనిమిదిన్నరకు విమానం. బెంగళూరుకు 17 గంటలు" అని ఫోనులో చెప్పాడట. పెద్దలు వేళ్లు మడిచి లెక్క కట్టారు. ఆదివారం మధ్యాహ్నం బెంగళూరు, పొద్దుగుంకేలోగా ఇల్లు అనుకున్నారు.

ఆదివారం సాయంత్రానికి సమాధి సిద్ధమైంది. బిడ్డ రాలేదు, ఫోను కలవలేదు. చీకటి పడుతుంటే ఇక ఆగలేక కార్యక్రమం ముగించారు. సోమవారం ఉదయం ఎనిమిదింటికి ఆ కుమారుడు వచ్చి పచ్చిమట్టి మీద కూలబడ్డాడు.

ఎవరినీ తప్పుపట్టలేము. అతడు చెప్పిన 17 గంటలు నిజమే. పెద్దలు మరచినది ఒక్కటే: అక్కడి గడియారం వేరు, మన గడియారం వేరు. చలికాలంలో శాన్ ఫ్రాన్సిస్కో మనకంటే 13న్నర గంటలు వెనుక ఉంటుంది. వేసవిలో అక్కడ గడియారాన్ని ఒక గంట ముందుకు జరుపుతారు గనుక తేడా 12న్నర గంటలే. అక్కడ శనివారం రాత్రి ఎనిమిదిన్నర అంటే ఇక్కడ ఆదివారం ఉదయం పది. దానికి 17 గంటలు కలిపితే సోమవారం తెల్లవారుజామున మూడు!

ఈ రెండు ఊళ్ల మధ్య ఎయిర్ ఇండియా వారి మొదటి విమానం కూడా ఇలాగే వచ్చింది. 2021 జనవరి 9, శనివారం రాత్రి అక్కడ బయలుదేరి, 11వ తేదీ తెల్లవారుజామున బెంగళూరులో దిగింది. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వాన మహిళా పైలట్లే దానిని ఉత్తర ధ్రువం మీదుగా నడిపారు. దూరం సుమారు 14,000 కిలోమీటర్లు. ధ్రువం మీదుగా ఎందుకని అడగవచ్చు. గ్లోబు మీద ఈ రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూడండి, అది ఉత్తరపు కొన వైపుకే పోతుంది. అదే దగ్గరి దారి.

అయితే దగ్గరి దారి ఎల్లప్పుడూ త్వరగా చేర్చదు. 2016 అక్టోబరులో ఢిల్లీ నుండి శాన్ ఫ్రాన్సిస్కోకు అట్లాంటిక్ మీదుగా 13,900 కిలోమీటర్లు వెళ్లే విమానాన్ని పసిఫిక్ మీదుగా 15,300 కిలోమీటర్లు తిప్పి నడిపారు. 14న్నర గంటల్లో చేరింది, అంటే దాదాపు రెండు గంటలు ఆదా! పైయెత్తున పడమటి నుండి తూర్పుకు బలమైన గాలి వీస్తుంది. తూర్పుకు పోయే విమానాన్ని అది వెనుకనుండి తోస్తుంది, పడమటికి పోయేదానికి ఎదురు నిలుస్తుంది. అందుకే కిలోమీటర్లు చూసి గంటలు చెప్పలేము. వెళ్లేటప్పుడు పట్టిన సమయమే వచ్చేటప్పుడు పట్టదు.

ప్రియ చదువరులారా, మన సంఘాల్లో బిడ్డలను దూరదేశాలకు పంపిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఇకమీదట "ఎన్ని గంటలు?" అని అడగవద్దు. "మన లెక్కన ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఏ ఊళ్లో దిగుతావు?" అని అడిగి కాగితం మీద రాసుకోండి. దారిలో విమానం మారేటట్లయితే అక్కడ ఆగే సమయం, దిగాక తనిఖీలు, సామాను, రోడ్డు ప్రయాణం కూడా కలుపుకోండి. దూరాన ఉన్న పిల్లలారా, మీరు కూడా ఇంటివారికి మన దేశపు సమయమే చెప్పండి.

ఆ పల్లెలో ఐసు పెట్టె మరో రాత్రికి దొరకకపోలేదు. ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే, ఆ కొడుకు తన తండ్రి ముఖం చూసి ఉండేవాడు.