వ్రేలిముద్ర యంత్రము

నెల మొదట నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతమునందలి కొత్తపల్లె వంటి యే పల్లెకు పోయినను ప్రొద్దు పొడుచు వేళకు ఒక దృశ్యము కానవచ్చును. గ్రామ సచివాలయ ఉద్యోగి చేతిసంచితో ఇల్లిల్లు తిరుగుచుండును. అరుగుమీద కూర్చున్న అవ్వ యొద్దకు వచ్చి, సంచిలోనుండి ఒక ఫోనును, పిడికిలిలో ఇముడునట్టి చిన్న పెట్టెను పైకి తీయును. పెట్టెకు పొట్టి తీగె యొకటి కలదు. తీగె కొనను ఫోను అడుగుభాగమున దూర్చగనే పెట్టెలోని గాజుపలక క్రింద దీపము వెలుగును.

“అవ్వా, బొటనేలు ఈడ పెట్టు. ఇంకొంచెం అదుము.”

అవ్వ అదుమును. కొన్ని క్షణములు గడచును. ఫోను తెరమీద సరియను గుర్తు కనబడగనే ఉద్యోగి నాలుగు వేల రూపాయలు లెక్కించి ఆమె చేతిలో పెట్టును.

ఈ పద్ధతి ఎంతో పాతది కాదు. పూర్వము పింఛను పొందు వృద్ధులు పంపిణీ జరుగు చోటికి తామే కదలిపోయి వరుసలో నిలువవలసి యుండెను. 2020 ఫిబ్రవరి మొదలుకొని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గ్రామ వాలంటీర్లచే పింఛనును ఇంటికే పంపనారంభించెను. అప్పటికి ఈ ప్రాంతము కర్నూలు జిల్లాలోనిదే. నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడినది. 2024 నుండి వాలంటీర్లకు మాఱుగా సచివాలయ ఉద్యోగులు ఈ పని చేయుచున్నారు. వృద్ధుల పింఛను నాలుగు వేల రూపాయలైనదియు ఆ సంవత్సరముననే. పంచువారు మాఱిరి, పంచు మొత్తము మాఱినది. ఫోనునకు పెట్టెను తగిలించి ముద్ర తీసికొనుట మాత్రము మాఱలేదు.

చూచువారికి ఆ తగిలించుట దీపపు తీగెను గోడకు తగిలించుట వంటి చిన్నపనిగా తోచును. కాని యిరువదియైదేండ్లకు పూర్వము చేతిలో ఇముడు కంప్యూటరునకు ఇట్టి పెట్టెను జతపఱచుట అంత తేలిక కాదు. అందులకు కారణము తీగె దొరకకపోవుట కాదు. రెండు యంత్రములు కలిసినపుడు అడుగవలసినదెవరు, బదులు చెప్పవలసినదెవరు అను ప్రశ్నయే యందులకు కారణము.

ఆ సంగతి తెలియుటకు యు.ఎస్.బి. యను పద్ధతి పుట్టుకను కొంచెము తెలిసికొనవలెను. పూర్వము బల్లమీది కంప్యూటరు వెనుకవైపు చూచినచో పలు ఆకారముల రంధ్రములుండెడివి. కీబోర్డునకు ఒకటి, ప్రింటరునకు వేఱొకటి, మోడెమునకు మఱియొకటి. ఒకదానిలో దూరునది వేఱొకదానిలో దూరదు. తగిలించిన తరువాత కంప్యూటరును ఆపి మరల నడపవలసి వచ్చెడిది. అజయ్ భట్ అను భారతీయుడు బరోడాలో చదివి అమెరికాకు పోయి ఇంటెల్ సంస్థలో పనిచేయుచుండెను. ఇంటిలో ప్రింటరుతో తనవారు పడిన యిబ్బంది తన ఆలోచనకు ప్రేరణమైనదని ఆయనయే చెప్పియున్నాడు. ఏడు సంస్థలు కూడి ఆలోచింపగా 1996 జనవరిలో యు.ఎస్.బి. మొదటి నియమావళి వెలువడెను. కీబోర్డైనను, మౌసైనను, ప్రింటరైనను ఒకే తీరు రంధ్రము, తగిలించినంతనే పని. తీగెలో నాలుగే పోగులు. రెండు పోగులు అయిదు వోల్టుల విద్యుత్తును కొనిపోవును. తక్కిన రెండును పెనవేసికొని సమాచారమును మోయును. ఒక కంప్యూటరునకు ఈ విధముగా 127 యంత్రముల వఱకు జతపఱుపవచ్చును.

ఆ చదునైన మొన మొదటిమారు పెట్టిన కుదరదు, త్రిప్పి పెట్టినను కుదరదు, మరల మొదటివలె పెట్టిన కుదురునని లోకమున ఒక వేళాకోళము కలదు. ఎటు త్రిప్పినను కుదురు మొనను చేయుటకు అప్పుడు ఖర్చు పెరిగెడిదట.

ఇంత సులభమైన పద్ధతిలో కఠినమైన కట్టుబాటొకటి యున్నది. తరగతిలో ఉపాధ్యాయుడు హాజరు పిలుచుచుండగా పేరు వినబడిన బాలుడు మాత్రమే పలుకును. పిలువకుండ ఎవ్వరును పలుకరాదు. యు.ఎస్.బి. తీగెపైనను అంతే. ఒకవైపున నున్న యంత్రము ఉపాధ్యాయుని వంటిది. దానిని ఆతిథేయి యందురు. రెండవ వైపున నున్నది అతిథి. అతిథి తనంత తాను ఒక్క మాటయైన పలుకదు. కీబోర్డుపై అక్షరమును నొక్కినను కీబోర్డు ఆ వార్తను పంపదు; “ఏమైన నొక్కిరా?” యని ఆతిథేయి సెకనుకు ఎన్నో మారులు అడుగుచుండును, అడిగినప్పుడే అది బదులు చెప్పును. అతిథి నోరు మూసికొని యుండగా ఇంటివారే మాటలాడు నీ యాతిథ్యము మన పల్లెలలో చెల్లునది కాదు గాని, యంత్రములకు బాగుగనే సరిపోయినది. కష్టమైన పనులన్నియు ఆతిథేయికి వదలుటచే అతిథి యంత్రములు చౌకగా తయారైనవి.

కాని యిద్దఱు ఉపాధ్యాయులు ఎదురుబొదురుగా నిలిచి ఒకరినొకరు హాజరు పిలిచినను, ఇద్దఱు బాలురు పిలుపు కొఱకు ఎదురుచూచుచు కూర్చున్నను పని జరుగదు. ఇట్టి పొరపాటు కలుగకుండుటకే తీగె రెండు కొనలను రెండు ఆకారములుగా చేసిరి. చదునైన కొన ఆతిథేయివైపు, చదరపు కొన అతిథివైపు.

ఇక చేతి కంప్యూటర్ల సంగతి. 1996లో పామ్ పైలట్, 1999లో హ్యాండ్‌స్ప్రింగ్ వైజర్, 2000లో కాంపాక్ ఐపాక్ మున్నగునవి అమెరికాలో వెలువడెను. చొక్కా జేబులో పట్టు నీ యంత్రములలో చిరునామాలు, లెక్కలు, దినచర్య వ్రాసికొనెడివారు. సాయంకాలము ఇంటికి వచ్చి బల్లమీది కంప్యూటరునకు తగిలించినచో అందలి సమాచారము ఇందును, ఇందలిది అందును చేరెడిది. అనగా పెద్ద కంప్యూటరు ముందు చేతి కంప్యూటరు ఎప్పుడును అతిథియే. దానికి ఆతిథేయి విద్య నేర్పినవారు లేరు. కావున కీబోర్డును గాని పెన్ డ్రైవును గాని దానికి తగిలించినచో ఇద్దఱు బాలుర కథయే. పిలుచువారు లేరు, పలుకువారును లేరు.

అయితే ఆ యంత్రములలో పెక్కింటికి మఱియొక చీలిక కలదు. జ్ఞాపకశక్తిని పెంచు కార్డును ఉంచుటకు ఏర్పఱచిన చీలిక యది. 1994లో పుట్టిన కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు వెడల్పు 43 మిల్లీమీటర్లు, పొడవు 36 మిల్లీమీటర్లు; అంచున ఏబది సూదులకు సరిపోవు ఏబది రంధ్రములు. ఐపాక్ వంటివానికి ఈ కార్డును ఉంచుటకు వెనుక తొడుగొకటి తొడుగవలసి యుండెను. ఈ ఏబది సూదుల ద్వారము కంప్యూటరు హృదయమునకు నేరుగా పోవు మార్గము. అందుచే దానిలో జ్ఞాపకశక్తిని మాత్రమే కాక మోడెమును, నెట్‌వర్కు కార్డును కూడ ఉంచవచ్చునని ఇంజనీర్లు కనిపెట్టిరి. కడకు ఆతిథేయి విద్య యంతయు ఒక చిన్న చిప్పులో ఇమిడ్చి, ఆ చిప్పును కార్డులో పెట్టి, కార్డు బయటి కొనకు యు.ఎస్.బి. రంధ్రమును అమర్చిరి. ఉపాధ్యాయుడు లేని బడికి బయటినుండి ఉపాధ్యాయుని తెచ్చి కూర్చుండబెట్టినట్లాయెను.

అంతమాత్రమున చిక్కులు తీఱలేదు. కీబోర్డు, ప్రింటరు, కెమెరా ఒక్కొక్కటి యొక్కొక్క భాష మాటలాడును. ఆ భాష తెలిసిన డ్రైవరు అను ప్రోగ్రాము ఆతిథేయి వద్ద నుండవలెను. పెద్ద కంప్యూటరునకు వ్రాసిన డ్రైవరు చేతి కంప్యూటరుపై నడువదు. కీబోర్డులకు, మౌసులకు, పెన్ డ్రైవులకు డ్రైవర్లు దొరకెడివి. తక్కినవానికి అదృష్టము కలసిరావలెను. రెండవ చిక్కు విద్యుత్తు. అతిథికి మాటయే గాక భోజనమును ఆతిథేయియే పెట్టవలెను. యు.ఎస్.బి. రెండవ నియమావళి ప్రకారము క్రొత్తగా వచ్చిన యంత్రము తన్ను తాను తెలుపుకొనువఱకు 100 మిల్లీ యాంపియర్లకు మించి తీసికొనరాదు. ఆతిథేయి యంగీకరించిన పిమ్మట 500 వఱకు తీసికొనవచ్చును. బల్లమీది కంప్యూటరునకు ఇది లెక్క కాదు. జేబులోని బ్యాటరీకి ఇది పెనుభారము. కావున కొన్ని యంత్రములకు వేఱుగా విద్యుత్తు నందింపవలసి వచ్చెడిది.

ఆ కాలముననే మన పొరుగున బెంగుళూరులో ఒక ప్రయత్నము జరిగెను. భారతీయ విజ్ఞాన సంస్థలోని ఆచార్యులు కొందఱు, ఎన్‌కోర్ అను సంస్థలోని ఇంజనీర్లు కలిసి సింప్యూటరు అను చేతి కంప్యూటరును రూపొందించి 2001లో లోకమునకు చూపిరి. చదువురాని పల్లెవాసియు ఉపయోగింపగల చౌక యంత్రము కావలెనని వారి కోరిక. ఊరికొక యంత్రమున్న చాలును. ఒక్కొక్కరు తమ వివరములు గల స్మార్ట్ కార్డును దానిలో దూర్చి తమ యంత్రమువలె వాడుకొనవచ్చునని వారు తలచిరి. దానికి యు.ఎస్.బి. ద్వారమును కలదు. భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ తయారుచేసిన అమిడా సింప్యూటరు 2004లో అమ్మకమునకు వచ్చెను గాని, జనసామాన్యమునకు చేరలేదు. కొలది యేండ్లలో సెల్‌ఫోను వచ్చి ఆ చోటును ఆక్రమించినది. అయినను ఒక యంత్రమును పట్టుకొని ఊరంతయు తిరుగు నేటి సచివాలయ ఉద్యోగిని చూచినచో, ఆ ఆచార్యుల తలపు వ్యర్థమైనదనుటకు మనసొప్పదు.

కార్డును తొడుగవలసిన పనిని తప్పించినది ఓ.టి.జి. యను అనుబంధ నియమావళి. ఇది 2001 డిసెంబరులో వెలువడెను. చేతి యంత్రము అవసరమునుబట్టి ఒకప్పుడు అతిథిగాను, వేఱొకప్పుడు ఆతిథేయిగాను ఉండవచ్చునని యిందలి సారాంశము. తాను ఇప్పుడు ఏ పాత్ర ధరింపవలెనో ఫోనునకు తెలియుటెట్లు? ఇందులకు చేసిన యుపాయము మిక్కిలి చిన్నది. ఫోనునకు తగిలించు చిన్నమొనలో నాలుగు స్పర్శలకు తోడు అయిదవ స్పర్శ నొకదానిని చేర్చిరి. ఓ.టి.జి. తీగె మొనలో ఈ అయిదవదానిని విద్యుత్తు తిరిగిపోవు పోగుతో కలిపి యుంతురు. మామూలు తీగెలో కలుపరు. మొన లోనికి పోగానే ఫోను అయిదవ స్పర్శను పరీక్షించును. కలిసియున్న యెడల “నేను ఆతిథేయిని” యని గ్రహించి, తన బ్యాటరీ విద్యుత్తును అయిదు వోల్టులకు పెంచి బయటికి పంపును. కలియని యెడల అతిథిగా ఉండిపోవును. ఫోనును నింపుకొను తీగె మొనయు, ఓ.టి.జి. తీగె మొనయు చూపునకు ఒక్కటే. లోపలి గోరంత అతుకు మాత్రమే భేదము. ఆండ్రాయిడ్ ఫోనులు 2011 నుండి ఈ యాతిథేయి పాత్రకు ఏర్పాటు కలిగియున్నవి. 2014లో వచ్చిన సి-రకపు మొనలో ఇరువదినాలుగు స్పర్శలున్నవి; ఎటు త్రిప్పి పెట్టినను కుదురును. అందు పాత్రలను నిర్ణయించుటకు వేఱు స్పర్శలు కలవు.

ఇప్పుడు మరల అవ్వ యరుగునొద్దకు వత్తము. ఉద్యోగి మొన దూర్చగనే ఫోను ఆతిథేయి యగును, పెట్టెకు విద్యుత్తు చేరును. “నీవెవరు?” అని ఫోను అడుగును. పెట్టె తనను చేసిన సంస్థ సంఖ్యను, తన రకపు సంఖ్యను చెప్పును. ఫోను దానికొక చిరునామా యిచ్చి, తగిన ప్రోగ్రామును మేల్కొల్పును. ఇదంతయు అవ్వ చేయి చాచులోపల ముగియును.

గాజుపలక క్రింది దీపపు కాంతి పలకను తాకి లోపలికే ప్రతిఫలించుచుండును. వ్రేలి గీతలలో గట్టువలె ఎత్తైనవి గాజును తాకును. ఆ తాకిన చోట్ల కాంతి వెనుకకు మరలక చెదరిపోవును. కావున చిన్న కెమెరాకు గట్లు నల్లగను, నడిమి పల్లములు తెల్లగను కనబడును. గీత ఎక్కడ ముగిసినది, ఎక్కడ రెండుగా చీలినది అను గుర్తులే ముద్రకు ప్రాణము. ఆ సమాచారమును రహస్య లిపిలోనికి మార్చి, ఆధార్ సంఖ్యతో కూడ ఆధార్ సంస్థ కంప్యూటర్లకు పంపుదురు. అచటినుండి వచ్చు బదులు ఔనని గాని కాదని గాని యుండును.

కాదని వచ్చినప్పుడే చిక్కు. కొన్ని యెడల తప్పు తీగెది. పలుమారులు తీసి పెట్టుటచే మొన వదులగును, రంధ్రములో దుమ్ము చేరును, అతుకు తెగును. పెట్టెలో దీపము వెలుగదు. బ్యాటరీ అడుగంటినను అంతే. వీనికి ఉద్యోగి చేయగలిగిన దేదో యుండును. తప్పు వ్రేలిది యైనప్పుడు యంత్రమును దిద్ది ప్రయోజనము లేదు. నలువది యేండ్లు వరినాట్లు వేసి, పత్తి యేఱి, అంట్లు తోమిన చేతిలో గట్లు అఱిగిపోయి యుండును. ఆళ్లగడ్డలో రాతిని చెక్కి దేవతామూర్తులను మలచు శిల్పులకును ఇదియే బాధ. ముదిమి చేత చర్మము ఎండి ముడుతలు పడగా ముద్ర మఱింత మసకబారును. ఊరివారందఱు ఎఱిగిన అవ్వను ఆ గాజుపలక యొక్కటే యెఱుగక పోవచ్చును.

అట్టివారి కొఱకు కంటిపాపను గాని ముఖమును గాని చూచి పోల్చు మార్గములును ఏర్పడియున్నవి. ముఖమునకు ఫోనులోని కెమెరాయే చాలును. కాని ఉద్యోగి మొదట వానిజోలికి పోడు. అవ్వ వ్రేలిని తడిగుడ్డతో తుడిపించి, ఆరిన పిమ్మట మరల పెట్టుమనును. బొటనవ్రేలు కుదరకున్న చూపుడువ్రేలు, అదియు కుదరకున్న రెండవ చేతి వ్రేళ్లు. ఒక్కొక్కమారు వ్రేలు దిగినప్పుడెల్ల ఫోను అడుగును, పెట్టె బదులు చెప్పును, సమాచారము పోయి వచ్చును. అవ్వ కొంగుతో వ్రేలు తుడుచుకొని, “ఈసారి చూడు నాయనా” యని ఎడమచేయి చాచును.