కష్టకాలమున తాత్కాలిక సహాయము

పని చేయగల శక్తి కలవారికి ప్రభుత్వము ఉచితముగ బియ్యమును, డబ్బును ఇచ్చుట న్యాయమేనా? ఇట్టి సహాయము వలన జనులు సోమరులు కారా? ఈ ప్రశ్న గ్రామసభలలో తరచు వినవచ్చుచున్నది. దీనిని తేలికగ త్రోసివేయరాదు. ప్రభుత్వము వెచ్చించు ప్రతి రూపాయియు ప్రజలదే గదా!

సహాయము అందనిచో నేమగును?

పంట పోయినప్పుడు గాని, కూలి నిలిచిపోయినప్పుడు గాని బీదకుటుంబము మొదట తిండి తగ్గించుకొనును. పిదప అప్పు చేయును. అప్పు పుట్టనినాడు మేకలను, ఎడ్లను అమ్ముకొనును. పిల్లలను బడి మాన్పించును. మరుసటి ఏడు వానలు చక్కగ కురిసినను, ఎడ్లు అమ్ముకొనిన రైతు సేద్యమునకు పూనుకొనలేడు. రెండు నెలల కష్టము పదేండ్ల దారిద్ర్యముగ మారును. సకాలమున అందిన కొద్దిపాటి సహాయము ఈ పతనమును ఆపగలదు.

చరిత్ర నేర్పిన పాఠము

1876-78 నాటి ఘోర క్షామములో మద్రాసు రాజధానియందు పొదుపు పేరిట కరువు పనుల కూలిని రోజుకు ఒక పౌను ధాన్యము, ఒక అణాకు తగ్గించిరి. ఆ కూలితో పనివారు చిక్కి శల్యమగుచుండిరి. వైద్యాధికారి కార్నిష్ దీనిని గట్టిగ ఎదిరించెను. 1877లో ఆ కూలిరేటును విడనాడవలసి వచ్చెను. 1880 నాటి క్షామ సంఘము నివేదిక పిదప కరువు నిబంధనలు ఏర్పడెను. శక్తి కలవారికి పని, లేనివారికి ఉచిత సహాయము అనునది వాని సారాంశము. చాలీచాలని సహాయము పొదుపు కాదని ఆ క్షామము తెలిపినది.

పెద్దపల్లి ప్రాంతపు అనుభవము

పెద్దపల్లి పరిసరములందు ఇటుక బట్టీలు అనేకము కలవు. ఒడిషా పశ్చిమ జిల్లాల నుండి కుటుంబములు బయానా తీసికొని ఏటేట వచ్చి, వానకాలమునకు ముందు స్వగ్రామములకు మరలిపోవుదురు. 2020 మార్చిలో కరోనా కారణముగ రైళ్లు, బస్సులు నిలిచిపోయినప్పుడు ఇట్టి వలస కూలీలు రాష్ట్రమంతట చిక్కుకొనిరి. నాడు తెలంగాణ ప్రభుత్వము ఆహార భద్రతా కార్డు గల కుటుంబములకు మనిషికి 12 కిలోల బియ్యమును, కుటుంబమునకు 1,500 రూపాయలను ప్రకటించెను. వలస కూలీలకు ఇచ్చట కార్డు లేదు. కార్డునే ఆధారముగ గైకొనినచో, అందరికన్న ఎక్కువ అవసరము గలవారే మిగిలిపోయెడివారు. అందుచే వారికి వేరుగ మనిషికి 12 కిలోల బియ్యము లేక పిండి, 500 రూపాయలు ప్రకటింపబడెను. వలస కూలీలకు ఎచ్చటనున్నను ఆహారధాన్యములు అందవలెనని 2021 జూన్‌లో సుప్రీంకోర్టు ఆదేశించెను.

సోమరితనము మాట

అడిగినవారికి పని చూపుటయే ఈ సందేహమునకు తగిన సమాధానము. 2005 నాటి ఉపాధి హామీ చట్టము 2006 ఫిబ్రవరిలో అమలులోనికి వచ్చినప్పుడు, నాడు పెద్దపల్లి చేరియున్న కరీంనగర్ జిల్లా మొదటి విడతలోనే కలదు. మండుటెండలో మట్టి తవ్వుటకు వచ్చినవారిని సోమరులనుట తగదు. అయితే రోగులకు, బాలింతలకు, వృద్ధులకు పని చూపుట సహాయము కాజాలదు. ఇక పనులే నిలిచిపోయిన 2020 వంటి కాలమున శక్తి కలవారికి సైతము ధాన్యమే ఆధారము.

పంచాయతీ సభ్యుల కర్తవ్యము

సహాయము ప్రభుత్వము ప్రకటించును. అది ఎవరికి చేరవలెనో గ్రామమునకు తెలియును. కష్టము వచ్చిన పిదప జాబితా వ్రాయబూనిన ఆలస్యమగును. కావున ఒంటరి స్త్రీలు, కౌలుదారులు, కార్డు లేని కుటుంబములు, గ్రామ పొలిమేరలోని బట్టీలయందు నివసించు పరదేశి కూలీలు, వీరి వివరములను ముందుగనే సిద్ధపరచుకొనవలెను. జాబితాను గ్రామసభలో బహిరంగముగ చదివి వినిపింపవలెను. అనర్హుల పేర్లు అచ్చటనే తొలగును, మరచిన పేర్లు అచ్చటనే చేరును. సహాయము ఎంతకాలము సాగునో మొదటనే తెలుపవలెను.

ఓటు లేని కూలివాని పేరు సైతము ఆ జాబితాలో ఉన్ననాడే మన పంచాయతీ తన ధర్మమును నెరవేర్చినదని భావింపవచ్చును.